ఒక్క జన్యువు తప్పితే కణితి, రెండోదీ తప్పితే మృత్యువు

థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం మందకొడివి. పాపిల్లరీ రకం వచ్చినవారిలో చాలామంది ఆపరేషన్, రేడియో అయోడిన్ చికిత్సలతో దశాబ్దాలు బతుకుతారు. అనాప్లాస్టిక్ రకం అలా కాదు. మొత్తం థైరాయిడ్ క్యాన్సర్లలో దాని వాటా ఒకటి రెండు శాతమే అయినా, మెడలో శ్వాసనాళాన్ని నొక్కేస్తూ నెలల్లోనే ప్రాణం తీస్తుంది. కొందరిలో ఈ రెండు రకాలూ ఒకే గ్రంథిలో పక్కపక్కనే కనిపిస్తాయి. నెమ్మదైన కణితే ముదిరి ఇలా మారుతోందని వైద్యులు అనుమానించడానికి అదే కారణం. అయితే రోగి నుంచి తీసిన కణితిలో అప్పటికే అనేక మ్యుటేషన్లు పోగుపడి ఉంటాయి. వాటిలో ఏది ముందు వచ్చిందో, అసలు దోషి ఏదో తేల్చడం కష్టం. ఎలుకలో మాత్రం ఒక్కో జన్యువునూ విడిగా మార్చి, ఏం జరుగుతుందో చూడవచ్చు.

అలాంటి దోషుల్లో ముఖ్యమైనది బీరాఫ్. ఈ ప్రోటీన్‌లో 600వ స్థానంలో వాలీన్ బదులు గ్లుటామిక్ ఆమ్లం చేరితే, విభజన చెందమని కణానికి అందే సంకేతం ఇక ఆగదు. పాపిల్లరీ క్యాన్సర్లలో దాదాపు సగం ఈ మార్పుతోనే మొదలవుతాయి. 2005లో మారిన బీరాఫ్ జన్యువును థైరాయిడ్‌లో మాత్రమే పనిచేసేలా ఎలుకల్లో ప్రవేశపెడితే, వాటికి పాపిల్లరీ క్యాన్సర్లు వచ్చాయి.

అసలు మలుపు 2014లో వచ్చింది. అమెరికాలోని ఎంఐటీలో డేవిడ్ మెక్‌ఫాడెన్, టైలర్ జాక్స్ బృందం ఎదిగిన ఎలుకలకు టామాక్సిఫెన్ ఇచ్చి, తాము కోరుకున్న సమయంలో బీరాఫ్ మార్పును మేల్కొల్పింది. అదొక్కటే ఉన్నప్పుడు కణితి పాపిల్లరీ దశలోనే ఉండిపోయింది. దానితోపాటు పీ53ను తొలగించినప్పుడు అదే కణితి అనాప్లాస్టిక్‌గా మారింది. డీఎన్ఏ దెబ్బతిన్న కణాన్ని ఆపేదీ, అవసరమైతే చంపేదీ పీ53. అది ఉన్నంతకాలం బీరాఫ్ ఒక్కటే కణితిని ఆ ఘోర దశకు చేర్చలేకపోయింది. అలాగని దారి ఇదొక్కటే కాదు. బీరాఫ్‌కు పీఐకే3సీఏ అనే మరో జన్యువులో మార్పు తోడైనా, బీరాఫ్ ప్రమేయమే లేకుండా పీటెన్, పీ53 జన్యువులు రెండూ పోయినా ఎలుకల్లో అనాప్లాస్టిక్ క్యాన్సర్లు వచ్చాయి.

ఈ ప్రయోగాల్లో అత్యంత విలువైనది బహుశా అయోడిన్ గురించి తెలిసిన సంగతి. బీరాఫ్ సంకేతం ఉధృతమైతే థైరాయిడ్ కణం అయోడిన్‌ను పీల్చుకోవడం మానేస్తుంది. దాంతో రేడియో అయోడిన్ చికిత్స పనిచేయదు. ఆ సంకేతాన్ని మందులతో అణిచితే ఎలుకల కణితులు మళ్లీ అయోడిన్‌ను తీసుకున్నాయని 2011లో తేలింది. రెండేళ్లకే సెలుమెటినిబ్ అనే మందుతో రోగుల్లో పరీక్షిస్తే, 20 మందిలో 12 మందికి అయోడిన్ గ్రహణం పెరిగింది. ఎనిమిది మందిలో అది చికిత్సకు సరిపడే స్థాయికి చేరింది.

అనాప్లాస్టిక్ రకానికి వస్తే, మెక్‌ఫాడెన్ ఎలుకల్లో బీరాఫ్‌నూ, సంకేత మార్గంలో దాని దిగువన ఉండే మెక్ ప్రోటీన్‌నూ కలిపి అడ్డుకుంటేనే మందు బాగా పనిచేసింది. మనుషుల్లో ఇదే పద్ధతిన డబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ జోడీని ఇచ్చినప్పుడు, బీరాఫ్ మార్పు ఉన్న తొలి 16 మంది రోగుల్లో 11 మందికి కణితులు గణనీయంగా తగ్గాయి. 2018 మేలో అమెరికా ఎఫ్‌డీఏ ఈ జోడీని ఆమోదించింది. బీరాఫ్ మార్పు లేని రోగులకు ఈ జోడీ వర్తించదు.

అయితే ఎలుక అన్నిటికీ జవాబు ఇవ్వలేదు. మనుషుల అనాప్లాస్టిక్ కణితుల్లో సగానికి పైగా వాటిలో టెర్ట్ జన్యువును నడిపే భాగంలోనూ మార్పు ఉంటుంది. క్రోమోజోమ్ కొసలు అరిగిపోకుండా కాపాడే ఎంజైమును తయారుచేసే జన్యువది. ఎలుకల క్రోమోజోమ్ కొసలు మనుషుల వాటికన్నా చాలా పొడవు. అందుకే ఈ ఒక్క మార్పు ప్రభావాన్ని ఎలుకలో యథాతథంగా చూడటం కష్టం.