కరాటేనా... బాక్సింగా?

‘అమ్మాయిని ఏ క్లాసులో చేర్పించమంటారు?’ ఈ ప్రశ్న చాలామంది తల్లులది. 2022లో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాక మరీను!

కరాటేలో ‘కటా’ అని ఉంది. ఎదుట ఎవరూ లేకుండానే వరసగా గుద్దులు, తన్నులు. చూడముచ్చటగా ఉంటుంది, ఒంటికీ మంచిదే. కానీ బస్టాపులో చెయ్యి పట్టి లాగేవాడు ఆ వరస ప్రకారం రాడుగా!

1882లో జూడో నేర్పడం మొదలుపెట్టిన జపాన్ గురువు జిగోరో కానో ఈ చిక్కు గ్రహించాడు. ప్రమాదకరమైన పట్లు పక్కనపెట్టి, మిగతావాటితో శిష్యుల్ని నిజంగానే కలబడమన్నాడు. ఎదుటి మనిషి పెనుగులాడుతుంటేనే కదా మన పట్టు నిలుస్తుందో లేదో తెలిసేది!

బాక్సింగ్‌లోనూ అంతే. దెబ్బ తగిలినా బిక్కచచ్చిపోకుండా ఉండడం అలవాటవుతుంది. అయితే అక్కడ గ్లవ్స్, రిఫరీ, సమాన బరువున్న ప్రత్యర్థి. వీధిలో ఇవేవీ ఉండవు. ఉత్త పిడికిలితో తలమీద గుద్దితే మన వేళ్లే విరగొచ్చు. అరచేతి అడుగుభాగంతో కొట్టడం మేలు.

అందుకే పేరు చూసి చేర్పించకండి. ఓ సాయంత్రం వెళ్లి కూర్చోండి. పిల్లలు జంటలుగా పట్టుకుని, గట్టిగా విడిపించుకుంటున్నారా? విడిపించుకోగానే అరుస్తూ పరుగెత్తమంటున్నారా? బెల్టు రంగు సంగతి తర్వాత అడగొచ్చు.