ఎక్స్‌టెన్షన్ సంఖ్యల ప్రణాళిక

ఒక కార్యాలయంలోని టెలిఫోన్లకు ఏయే సంఖ్యలు కేటాయించవలెనో ముందుగా నిర్ణయించుకొనే పద్ధతిని ఎక్స్‌టెన్షన్ సంఖ్యల ప్రణాళిక అంటారు. కార్యాలయంలో నెలకొల్పే చిన్న ఎక్స్ఛేంజికి ఈపీఏబీఎక్స్ అని పేరు. దానికి కలిపిన ఒక్కొక్క ఫోనును ఎక్స్‌టెన్షన్ అంటారు.

నేపథ్యం

అమెరికాకు చెందిన ఆల్మన్ స్ట్రోజర్ 1891లో స్వయంచాలక ఎక్స్ఛేంజికి పేటెంటు పొందాడు. 1892లో ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్ పట్టణంలో ఇటువంటి తొలి ఎక్స్ఛేంజి ప్రారంభమైంది. ఈ తరహా యంత్రాలలో డయలు చేసిన అంకెను బట్టి స్విచ్చి మెట్టు మెట్టుగా కదిలేది. అందువలన కాల్ వెళ్ళవలసిన దారిని మొదటి అంకెయే నిర్ణయించేది. అంకెలను వరుసగా, ఒక్కొక్కటిగా గ్రహించే ఈ పద్ధతి నేటి ఎక్స్ఛేంజీలలో కూడా చాలావరకు కొనసాగుతున్నది.

మొదటి అంకె ఎంపిక

భారతదేశంలోని అనేక కార్యాలయాలలో బయటి లైనుకు 0, ఆపరేటరుకు 9 కేటాయిస్తారు. పోలీసు (100), అగ్నిమాపక దళం (101), అంబులెన్సు (108), ఏకీకృత అత్యవసర సేవ (112) సంఖ్యలన్నీ 1తో మొదలవుతాయి. కనుక ఆ అంకెను కూడా విడిచిపెట్టడం మేలు. ఇక మిగిలినవి 2 నుండి 8 వరకు గల ఏడు అంకెలు. వీటితో మూడంకెల సంఖ్యలు 700, నాలుగంకెల సంఖ్యలు 7,000 లభిస్తాయి.

ఒక సంఖ్య మరొక సంఖ్యకు ఆరంభ భాగం కాకూడదు. ఉదాహరణకు 20 అనే ఎక్స్‌టెన్షన్ ఉంటే, 205 డయలు చేసినప్పుడు రెండవ అంకె వద్దనే కాల్ 20కి వెళ్ళిపోవచ్చు. లేదా ఇంకొక అంకె వస్తుందేమోనని ఎక్స్ఛేంజి ప్రతిసారీ కొన్ని క్షణాలు వేచి ఉండవలసి వస్తుంది. అందుచేత అన్ని ఎక్స్‌టెన్షన్లకు ఒకే నిడివి ఉండటం మంచిది.

కేటాయింపు

అంతస్తును బట్టి సంఖ్య ఇస్తే గుర్తుంచుకోవడం సులభం. కాని ఉద్యోగి మరొక అంతస్తుకు మారితే ఆ వరుస చెడుతుంది. శాఖల వారీగా ఇస్తే ఈ చిక్కు తగ్గుతుంది. ప్రతి శాఖకు కొన్ని సంఖ్యలు ఖాళీగా ఉంచాలి. బయటివారు నేరుగా ఎక్స్‌టెన్షన్‌కు ఫోను చేసే సౌకర్యం ఉన్నచోట, బయటి నంబరులోని చివరి అంకెలనే ఎక్స్‌టెన్షన్‌గా వాడటం పరిపాటి.

అత్యవసర కాల్స్

2013 డిసెంబరులో టెక్సాస్ రాష్ట్రంలోని మార్షల్ పట్టణంలో ఒక హోటలు గదిలో కారీ హంట్ అనే మహిళ హత్యకు గురైంది. తొమ్మిదేళ్ళ ఆమె కుమార్తె 911కు నాలుగుసార్లు ప్రయత్నించినా కాల్ వెళ్ళలేదు. బయటి లైనుకు ముందుగా మరొక 9 నొక్కాలని ఆ బాలికకు తెలియదు. దీని ఫలితంగా 2018లో అమెరికాలో "కారీ చట్టం" వచ్చింది. దాని ప్రకారం, 2020 ఫిబ్రవరి తరువాత నెలకొల్పే బహుళ లైన్ల వ్యవస్థలలో 911ను ఏ అంకె ముందు చేర్చకుండానే డయలు చేయగలగాలి.

ఈ కారణంగానే 112, 108 వంటి సంఖ్యలు 0 నొక్కినా, నొక్కకపోయినా కలిసేటట్లు అమర్చి, ప్రణాళిక పూర్తయిన పిదప ప్రతి అంతస్తు నుండి ఆ అమరికను సరిచూసుకోవడం అవసరం.