చలికొండపై దేహపరీక్ష

గురజాడ అప్పారావుగారు 1862లో జన్మించిన ఎస్. రాయవరము నేటి అనకాపల్లి జిల్లాలోనిది. ఆహారమునకును, దేహబలమునకును, దేశాభ్యుదయమునకును గల సంబంధమును ఆ మహాకవి తన దేశభక్తి గేయమున చాటెను. ఆ గేయమును మన బాలురు కంఠస్థము చేయుదురు. దాని భావమునకు నార్వే దేశమున ఒక ప్రత్యక్ష నిదర్శనము కలదు.

అచ్చట 2003లో నార్స్‌మన్ అను ట్రయథ్లాన్ పోటీ ఆరంభమైనది. పోటీదారులు తెల్లవారుజామున ఓడపై నుండి చల్లని సముద్రపు పాయలోనికి దుమికి 3.8 కిలోమీటర్లు ఈదుదురు. పిదప కొండదారులలో 180 కిలోమీటర్లు సైకిలు త్రొక్కుదురు. అటుపై 42.2 కిలోమీటర్లు పరుగిడుచు, నడచుచు, 1,850 మీటర్ల ఎత్తున గౌస్టాటోపెన్ కొండపై గమ్యము చేరుదురు.

ఇందు చలియే ప్రధాన ప్రత్యర్థి. గాలికన్న నీరు దేహపు వేడిని పలురెట్లు వేగముగ హరించును. తడిసిన మేనితో సైకిలుపై దిగువకు సాగునప్పుడు వ్రేళ్లు మొద్దుబారి, బ్రేకు పట్టుటయే కష్టమగును. వణకుట యనగా కండరములు వేడికొరకు ఇంధనమును దహించుటయే. కావున దారిపొడవున తినుట, పొడిబట్టలు మార్చుట ఈతవలెనే అభ్యసింపదగిన విద్యలు.

మరియొక నియమము గమనింపదగినది. సామాన్యముగ ముందు వచ్చిన 160 మందికే శిఖరమార్గము. అందును తోడులేక ఎవరును ఎక్కరాదు. తక్కినవారు దిగువనే ముగింతురు. వారును పోటీని పూర్తిచేసినవారే. సాహసమునకు హద్దెరుగుట పిరికితనము కాదు.

వ్యాయామపు గంటను గణితమునకు అప్పగించు పాఠశాలలో ఈ పాఠమును ఎవరు నేర్పుదురు? గేయమును వల్లించిన బాలునికి ఆటస్థలమును కూడ చూపవలెను.