అఫ్జల్‌గంజ్ పరిసరాల్లో చెక్కనేల పనితనం: వృత్తి స్వరూపం – భవిష్యత్తు

వ్యాససంగ్రహం:

ఇంటి నేలకు చెక్క పలకలు పరచడం హైదరాబాదు నగరంలో వడ్రంగం నుంచి విడివడి ప్రత్యేక వృత్తిగా రూపుదిద్దుకుంటున్న పని. దీనికి అవసరమైన సామగ్రి, పనివారు, పనిమాటలు చాలావరకు అఫ్జల్‌గంజ్, బేగంబజార్, జాంబాగ్ వంటి పాత వాణిజ్య ప్రాంతాల చుట్టూ అల్లుకొని ఉన్నాయి. చెక్కకూ గాలిలోని తేమకూ ఉన్న సంబంధాన్ని, ఆ పనిలోని దశలను, కొత్త పదార్థాల రాకతో నైపుణ్యం విలువలో వచ్చిన మార్పును, పనివారి భవిష్యదవకాశాలను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: చెక్కనేల, వడ్రంగం, టేకు, తేమ, అఫ్జల్‌గంజ్, వృత్తిపదాలు, నైపుణ్య శిక్షణ.

1. ఉపోద్ఘాతం:

ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా (పాలన 1857–1869) పేరుతో వెలసిన అఫ్జల్‌గంజ్, మూసీనది ఉత్తరపు గట్టున ధాన్యపు వర్తకానికి నెలవుగా ఎదిగింది. ‘గంజ్’ అన్న మాటలోనే అంగడి ఉంది. ఉస్మానియా ఆసుపత్రి, 1936లో ఇక్కడి భవనంలోకి మారిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఈ ప్రాంతానికి నేటి గుర్తులు. దానిని ఆనుకొనివున్న బేగంబజార్‌లో మేకులు, మరలు, బందులు మొదలైన హార్డ్‌వేర్ టోకు వ్యాపారం, జాంబాగ్‌లో ఫర్నిచర్ దుకాణాలు నేటికీ సాగుతున్నాయి. నగరంలో ఏ మూల చెక్కపని జరిగినా దాని సరంజామాలో కొంతైనా ఈ వీధుల నుంచి వెళ్లడం పరిపాటి.

తెలుగునేలపై ఇంటి నేల అంటే మట్టి అలుకు, గచ్చు, షాబాదు బండ, తాండూరు బండ, ఆ తరువాత మొజాయిక్, టైల్స్. వేడి ప్రదేశంలో చల్లని రాయి కాలికి హాయినిస్తుంది. కాబట్టి చెక్కనేల ఇక్కడి సామాన్య గృహానికి సహజమైనది కాదు. అయినా చెక్కపై నడవడం తెలుగువారికి పూర్తిగా కొత్త కూడా కాదు. దూలాలపై దంతెలు, దంతెలపై పలకలు పరచి కట్టిన అటక ఒక విధంగా చెక్కనేలే. పాత దేవిడీల పై అంతస్తుల్లోనూ టేకు దూలాలు, పలకలు భారం మోశాయి.

అఫ్జల్‌గంజ్‌కు కూతవేటు దూరంలోని కోఠిలో, 1803లో జేమ్స్ ఎకిలీజ్ కిర్క్‌పాట్రిక్ నిర్మాణం ప్రారంభించిన బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలో పార్కే పద్ధతి చెక్కనేలలు ఉన్నాయి. చిన్న చిన్న చెక్కముక్కలను నమూనా ప్రకారం పేర్చి నేలగా అమర్చడమే పార్కే. 1949 నుంచి ఆ ప్రాంగణంలో మహిళా కళాశాల నడిచింది. నేడది వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. అంటే చెక్కనేల ఈ నగరానికి రెండు శతాబ్దాలుగా పరిచయమైన విషయం. ఆ పరిచయం పాలకుల భవనాల నుంచి మధ్యతరగతి పడకగదికి చేరడమే కొత్త పరిణామం.

2. చెక్క – తేమ: వృత్తికి మూలమైన శాస్త్రం:

రాయి పరిచాక కదలదు. చెక్క పరిచాక కూడా కదులుతూనే ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే దానిని పీల్చుకొని ఉబ్బుతుంది, తగ్గితే విడిచిపెట్టి కుంచించుకుపోతుంది. ఈ కదలిక అన్ని వైపులా సమానం కాదు. పొడవునా దాదాపు లేదనే చెప్పవచ్చు. వెడల్పులో మాత్రం, దుంగను ఏ దిశలో కోశారన్నదానిని బట్టి, గణనీయంగా ఉంటుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వార్షిక వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, వాటికి అడ్డంగా సుమారు 2.5 శాతం కుంచించుకుపోతుంది. ఇప్పుడు దిగుమతి అవుతున్న తెల్ల ఓక్ విషయంలో ఈ సంఖ్యలు సుమారు 10.5, 5.6 శాతాలు.

ఈ అంకెల ప్రభావం గదిలో ఎలా కనిపిస్తుందో ఉజ్జాయింపుగా లెక్కించవచ్చు. చెక్కలోని తేమ సుమారు 30 శాతం నుంచి సున్నాకు దిగేలోగా ఈ కుంచింపు సమంగా జరుగుతుందని భావిద్దాం. వానాకాలంలో 12 శాతం తేమతో పరిచిన టేకు పలక ఎండాకాలానికి 8 శాతానికి దిగితే, వలయాల వెంబడి కోసిన 100 మిల్లీమీటర్ల పలక 0.77 మిల్లీమీటరు తగ్గుతుంది. మూడు మీటర్ల వెడల్పు గదిలో అలాంటి పలకలు ముప్పయి ఉంటాయి. మొత్తం తగ్గుదల సుమారు 23 మిల్లీమీటర్లు. అదే దుంగను అడ్డుకోతలో కోసి ఉంటే తగ్గుదల 10 మిల్లీమీటర్లకు మించదు. ఓక్ పలకల్లో, వలయాల వెంబడి కోసినవైతే, ఇది 42 మిల్లీమీటర్లకు చేరుతుంది.

హైదరాబాదు వాతావరణం ఈ సమస్యను తీవ్రం చేస్తుంది. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలు పొడిగా ఉంటాయి. ఆగస్టులో గాలి తడితో బరువెక్కుతుంది. ఏసీ నడిచే గదిలో తేమ ఇంకా తగ్గుతుంది. నిర్మాణంలో వాడే కలపకు ఎంత తేమ ఉండవచ్చో భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 287 దేశాన్ని నాలుగు వాతావరణ మండలాలుగా విభజించి నిర్దేశించింది. తీరప్రాంతానికి సరిపోయే కలప దక్కన్ పీఠభూమికి యథాతథంగా సరిపోదన్నది దీని సారాంశం.

3. పనిలోని దశలు:

మొదటి దశ పరీక్ష. కొత్తగా వేసిన కాంక్రీటు పైకి ఆరినట్లు కనిపించినా లోపల నీరు నెలల తరబడి ఉంటుంది. తేమమీటరు లేని చోట పనివారు ఒక ప్లాస్టిక్ పట్టాను నేలకు నాలుగువైపులా టేపుతో అతికించి, ఒకటి రెండు రోజుల తరువాత దాని అడుగున చెమ్మ పట్టిందేమో చూస్తారు. చెమ్మ కనిపిస్తే పని ఆపాలి.

రెండవ దశ అలవాటు చేయడం. తెచ్చిన పలకలను వెంటనే పరచకుండా, ఆ గదిలోనే కట్టలు విప్పి, మధ్యలో గాలి ఆడేలా పేర్చి కొన్ని రోజులు ఉంచాలి. పలక గది గాలితో రాజీపడిన తరువాతనే మేకు పడాలి. గృహప్రవేశ ముహూర్తం దగ్గరపడినప్పుడు మొట్టమొదట కోతపడేది ఈ దశకే.

మూడవ దశ మట్టం. నేలలో ఎత్తుపల్లాలుంటే నడిచినప్పుడు పలక కిర్రుమంటుంది. పొడవైన పట్టీతో, మట్టంతో ప్రతి మూలా చూసి, పల్లాలను పూడ్చి, మెరకలను గీకి సరిచేస్తారు. దానిపై తేమను ఆపే ప్లాస్టిక్ పొర, అవసరమైతే చెక్కపట్టీలు లేదా ప్లైవుడ్ వేస్తారు.

నాలుగవ దశ పరచడం. ఒక పలక అంచున నాలుక, మరో పలక అంచున గాడి ఉంటాయి. నాలుకను గాడిలో దూర్చి, మేకును నాలుక మీదుగా ఏటవాలుగా దించుతారు. తరువాతి పలక వచ్చి ఆ మేకు తలను కప్పేస్తుంది. గోడల వెంట సుమారు 10–12 మిల్లీమీటర్ల ఖాళీ వదులుతారు, దానిని స్కర్టింగ్ పట్టీ దాస్తుంది. ఈ ఖాళీ వదలకపోతే వానాకాలంలో ఉబ్బిన నేలకు పోయే దారి లేక మధ్యలో పైకి లేస్తుంది.

చివరి దశ సాపు చేయడం, పూత వేయడం. ముతక ఇసుకకాగితంతో మొదలుపెట్టి, 40, 60, 80, 100 అంకెల వరుసలో నున్నటి కాగితానికి చేరాలి. ఒక అంకెను దాటవేస్తే ముందరి కాగితం గీతలు పాలిష్ కింద బయటపడతాయి. తరువాత పాలీయూరిథేన్ పూతనో నూనె పూతనో వేస్తారు.

4. పనిమాటలు:

ఈ వృత్తిలో మూడు భాషలు కలిసి నడుస్తాయి. తెలుగు వడ్రంగి చిత్రిక అన్నదానిని నగరంలోని ఉర్దూ పలుకుబడిలో రందా అంటారు. రంపం ఆరీ అవుతుంది, బాడిశ బసూలా అవుతుంది. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బీహార్ల నుంచి వచ్చిన పనివారితో ఈ రెండవ వరుస మాటలే ఎక్కువగా వాడుకలో నిలిచాయి. అండర్‌లే, క్లిక్, స్కర్టింగ్, ప్రొఫైల్ వంటి మూడవ వరుస మాటలు కంపెనీ పెట్టెలతోపాటు వచ్చాయి.

గృహనిర్మాణానికి సంబంధించిన తెలుగు వృత్తిపదాలను బూదరాజు రాధాకృష్ణ సేకరించి, మాండలిక వృత్తిపదకోశంలో భాగంగా వాస్తుపదాల సంపుటాన్ని 1968లో వెలువరించారు. క్లిక్ పలకలు ఆ తరువాత మూడు దశాబ్దాలకు గానీ ప్రపంచ విపణిలోకి రాలేదు. కాబట్టి ఈ పని పదజాలం ఇంకా సేకరణకు నోచుకోవలసి ఉంది. ఇది భాషాభిమానానికి మాత్రమే సంబంధించిన అంశం కాదు. ‘చేవ’ అన్న మాట తెలిసినవాడు పలకలో చేవ ఎంత, తెల్లచెక్క ఎంత అని చూస్తాడు. మాట పోయినచోట ఆ చూపు కూడా మందగించే ప్రమాదముంది.

5. కొత్త పదార్థాలు – నైపుణ్యం విలువ:

స్వీడన్‌లో గుస్తాఫ్ షేర్ 1941లో పొరల చెక్కనేలకు పేటెంటు పొందాడు. అడ్డంగా, నిలువుగా పొరలను అతికించడంతో ఒక పొర కదలికను మరొకటి అదుపు చేస్తుంది. 1970ల చివర అదే దేశంలో లామినేట్ నేల ఆలోచన పుట్టింది. ఇందులో పైన కనిపించేది చెక్క కాదు, చెక్క బొమ్మ ముద్రించిన కాగితం. 1990ల మధ్యలో జిగురు అవసరంలేని క్లిక్ బిగింపు వచ్చింది. ఇప్పుడు రాతిపొడి, ప్లాస్టిక్ కలిపిన ఎస్.పి.సి. పలకలు కూడా అదే బిగింపుతో వస్తున్నాయి.

మరోవైపు అసలు చెక్క దొరకడం కష్టమైంది. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వు అడవుల్లో చెట్ల నరికివేతను, అనుమతిలేని కోతమిల్లులను కట్టడి చేసింది. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతిని నిషేధించింది. దీనితో బర్మాటేకు మరింత ఖరీదైంది.

ఈ రెండు మార్పుల ఫలితం పనివాడిపై పడింది. క్లిక్ పలకను పరచడం కొద్ది రోజుల్లో నేర్చుకోవచ్చు. కాబట్టి పోటీ పెరిగి, చదరపు అడుగు లెక్కన ఇచ్చే కూలి పెరగడం కష్టమవుతుంది. అంతకన్నా ముఖ్యమైనది బాధ్యత ప్రశ్న. ఆగస్టులో పరిచిన నేల ఏప్రిల్‌లో పగుళ్లు చూపితే ఇంటివారు మొదట తప్పుపట్టేది పరిచిన వ్యక్తిని. కాంక్రీటును ఆరనివ్వని గుత్తేదారు, ఎండని కలప అమ్మిన వ్యాపారి, గడువు తగ్గించిన యజమాని అప్పటికి దృశ్యంలో ఉండరు. పని మొదలుపెట్టిన రోజు నేల తేమ, పలక తేమ ఎంతో రాసి, ఇంటివారి సంతకం తీసుకొన్న కాగితం ఒక్కటే అతనికి రక్షణ. తేమమీటరు ఈ కారణంచేత కొలత సాధనమే కాదు, సాక్ష్యం కూడా.

6. ఆరోగ్యం, భద్రత:

చెక్కపొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు, దాని పరిసర కుహరాల క్యాన్సర్‌తో దీనికి సంబంధముంది. సాపు చేసే యంత్రానికి పొడిసంచి, పనివానికి సరైన మాస్కు ఉండాలి. తువాలు కట్టుకోవడం సన్నని పొడిని ఆపదు. రోజంతా మోకాళ్లపై కూర్చొని చేసే పని కనుక మోకాలి మెత్తలు కూడా పనిముట్లలో భాగమే.

భవన, ఇతర నిర్మాణ కార్మికుల్లో 18–60 ఏళ్ల మధ్య వయసుండి, గడచిన 12 నెలల్లో 90 రోజులు పనిచేసినవారు సంక్షేమ మండలిలో నమోదు కావచ్చు. అయితే తరచు యజమానులు మారే చెక్కనేల పనివారికి తొంభై రోజుల పనికి రుజువు చూపడమే చిక్కు. పైన చెప్పిన సంతకపు కాగితాలు ఇక్కడ కూడా ఉపకరిస్తాయి.

7. భవిష్యదవకాశాలు:

వృత్తి ముందున్న దారులను మూడుగా గుర్తించవచ్చు.

అ) మరమ్మతు, పునరుద్ధరణ: గీతలు పడిన లామినేట్‌ను సాపు చేయలేం, మార్చవలసిందే. అసలు చెక్కనేలను మాత్రం పలుమార్లు గీకి కొత్తదానిలా చేయవచ్చు. కోఠి రెసిడెన్సీ వంటి వారసత్వ భవనాలు ఉన్న నగరంలో పార్కే తెలిసిన చేతుల అవసరం ఎప్పుడూ ఉంటుంది. ఈ పని రాశిలో చిన్నదైనా నైపుణ్యానికి విలువ కట్టేది.

ఆ) క్రీడానేలలు: 2008లో ప్రారంభమైన పుల్లెల గోపీచంద్ అకాడమీ తరువాత హైదరాబాదు బ్యాడ్మింటన్ శిక్షణకు దేశంలోనే ప్రధాన కేంద్రమైంది. మంచి కోర్టులో పైకి కనిపించే సింథటిక్ మ్యాట్ కింద కాస్త ఒత్తిడికి లొంగి తిరిగి లేచే చెక్కనేల ఉంటుంది. దాని మట్టంలో తేడా వస్తే ఆటగాళ్ల మోకాళ్లు, చీలమండలు దెబ్బతింటాయి. ఇక్కడ చవకబారు పనికి చోటు లేదు.

ఇ) శిక్షణ, ధ్రువీకరణ: అమెరికాలో 1985లో ఏర్పడిన నేషనల్ వుడ్ ఫ్లోరింగ్ అసోసియేషన్ పరచడం, సాపు చేయడం, తనిఖీ వంటి పనులకు వేర్వేరుగా శిక్షణ ఇచ్చి ధ్రువపత్రాలిస్తుంది. తగాదా వచ్చినప్పుడు పనివాడిది తప్పో కాదో చెప్పగల తనిఖీదారు అక్కడ ఒక ప్రత్యేక నిపుణుడు. మనదేశంలో 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఉంది. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, రెండు విడతల్లో 3 లక్షల రూపాయల వరకు 5 శాతం వడ్డీకి రుణం ఇందులోని ప్రధానాంశాలు. చెక్కనేల పని వడ్రంగంలో అంతర్భాగమే కనుక అర్హులైనవారు దీనిని వినియోగించుకోవచ్చు. ఆ సాయంతో కొనవలసిన మొదటి పనిముట్లు తేమమీటరు, పొడిసంచి ఉన్న యంత్రం.

8. ముగింపు:

పలకలను బిగించడం మాత్రమే తెలిసిన పనివానికి యంత్రం, కంపెనీ పెట్టె పోటీదారులు. చెక్క ఎందుకు కదులుతుందో తెలిసి, ఎప్పుడు పరచకూడదో చెప్పగల పనివానికి అవి పనిముట్లు మాత్రమే. ఈ తేడాయే వృత్తి భవిష్యత్తును నిర్ణయిస్తుంది. అందుకు పనివారి భాషలో, అంటే తెలుగు, ఉర్దూ మాటలు కలిసిన వాడుకలో, తేమ పట్టికలతో కూడిన చిన్న కరదీపిక మొదటి అవసరం. పనిమాటల సేకరణ దానికి పునాది. ఆ సేకరణకు దూరం వెళ్లనక్కరలేదు. అఫ్జల్‌గంజ్ గ్రంథాలయం మెట్లు దిగితే, ఆ మాటలు మాట్లాడేవారు బేగంబజార్ దుకాణాల ముందు మేకులు కొంటూ కనిపిస్తారు.