సరసోటా అఖాతంలో డాల్ఫిన్ ఇంటర్న్‌లు

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రానికి పడమటి తీరాన ఉన్న సరసోటా అఖాతంలో దాదాపు 170 బాటిల్‌నోస్ డాల్ఫిన్లు తరతరాలుగా నివసిస్తున్నాయి. వాటిని 1970 నుంచి గమనిస్తున్న సంస్థ సరసోటా డాల్ఫిన్ రీసెర్చ్ ప్రోగ్రామ్. సహజ జలాల్లో తిరిగే డాల్ఫిన్ల మీద ఇంతకాలంగా సాగుతున్న అధ్యయనం ప్రపంచంలో మరొకటి లేదు. ఆ పనిలో పాలుపంచుకోవడానికి వేర్వేరు దేశాల విద్యార్థులు కొన్ని నెలలపాటు ఇంటర్న్‌లుగా వస్తుంటారు.

ఈ అధ్యయనానికి మొదటి నుంచీ విద్యార్థులే చేయూత. 1970లో బ్లెయిర్ ఇర్విన్ అనే పరిశోధకుడు డాల్ఫిన్లకు గుర్తులు తగిలించి వాటి రాకపోకలు తెలుసుకోవాలని పూనుకున్నప్పుడు, రాండల్ వెల్స్ అనే హైస్కూల్ విద్యార్థి సాయంగా చేరాడు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఈ పరిశోధనను నడిపించింది ఆయనే.

ఇంటర్న్ ముందుగా నేర్చుకోవలసింది వెన్ను రెక్కను చదవడం. పోట్లాటల్లో తెగిన అంచులు, సొరచేప కాట్లు, పడవ దెబ్బలు, వల తాళ్ల గీతలు ఏ రెండు రెక్కల మీదా ఒకేలా ఉండవు. పొద్దున్నే చిన్న పడవలో బయల్దేరిన బృందంలో ఒక్కొక్కరికి ఒక్కో దిక్కు అప్పగిస్తారు. గుంపు కనబడగానే సమయం, చోటు, లోతు, నీటి వేడిమి, ఉప్పదనం, ఎన్ని పెద్దవి, ఎన్ని పిల్లలు, వేటాడుతున్నాయా, ఊరికే సాగిపోతున్నాయా అన్నవన్నీ కాగితం మీదికి ఎక్కాలి. కెమెరా పట్టినవారు ప్రతి రెక్కనూ ఫొటో తీయాలి. అల పెరిగితే రెక్క కనబడదు కాబట్టి గాలి కుదురుగా ఉన్న రోజులే పనికొస్తాయి. వేసవిలో అక్కడ మధ్యాహ్నాలు ఉరుముల వానలు మామూలే. మెరుపు కనబడితే ఒడ్డుకు తిరగాల్సిందే.

ఒడ్డున పని అంతకన్నా ఎక్కువ. ఉప్పు పట్టకుండా పడవను మంచినీళ్లతో కడగాలి. వందల ఫొటోలను వేరుచేసి, పాత ఫొటోలతో ఒక్కొక్కటిగా పోల్చి ఏ డాల్ఫినో తేల్చాలి. ఒకరు తేల్చినదాన్ని మరొకరు సరిచూడాలి. ఒక్క రెక్కను పొరపాటున మరో డాల్ఫిన్‌కు అంటగడితే ఆ తల్లీపిల్లల చరిత్రే తారుమారవుతుంది. ఇది విసుగు పుట్టించే పనే. అయినా ఇంటర్న్ పనిలో అసలు విలువైన భాగం ఇదే.

ఎందుకంటే డాల్ఫిన్ల జీవితం గురించి తెలిసిందంతా ఇలా పోగైనదే. పిల్ల తల్లితో మూడు నుంచి ఆరేళ్లు ఉంటుందనీ, మగవి జంట కట్టి ఏళ్ల తరబడి కలిసే తిరుగుతాయనీ ఈ రికార్డులే చూపాయి. నిక్లో అనే ఆడ డాల్ఫిన్ 67 ఏళ్లు బతికినట్టు నమోదైంది. ప్రతి డాల్ఫిన్‌కూ తనదైన ఈల ఒకటి ఉంటుంది, మన పేరులాగే. వైద్య పరీక్షల కోసం డాల్ఫిన్లను కాసేపు పట్టి వదిలేటప్పుడు, వాటి తలకు అతికించిన మైకులతో ఆ ఈలలను రికార్డు చేస్తారు. మూడు దశాబ్దాలకు పైగా సేకరించిన ఈ రికార్డింగులతో 19 తల్లి డాల్ఫిన్ల ఈలలను పోల్చి చూశారు. పక్కన పిల్ల ఉన్నప్పుడు తల్లి తన ఈలను ఇంకా పై స్థాయికి తీసుకెళ్తుందని 2023లో ప్రకటించారు. చంటిపిల్లతో మాట్లాడేటప్పుడు మన అమ్మల గొంతు మారడం ఎవరికి తెలియదు! తల్లిని, పిల్లను ముందే గుర్తుపట్టి ఉండకపోతే ఈ సంగతి బయటపడేదే కాదు.

డాల్ఫిన్లకు తిండి పెట్టడం, వాటిని వేధించడం అమెరికాలో 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం కింద నేరం. సామాన్యులు కనీసం 45 మీటర్ల దూరంలో ఉండాలని సూచిస్తారు. పరిశోధకులు దగ్గరికి వెళ్లాలన్నా ప్రత్యేక అనుమతి కావాలి. ఈ కట్టుబాటు ఎంత అవసరమో బెగ్గర్ అని పిలిచిన మగ డాల్ఫిన్ కథ చెబుతుంది. పడవల్లో వచ్చేవారు ఏళ్ల తరబడి ఆహారం వేయడంతో అది వాళ్ల చుట్టూనే తిరగడం అలవాటు చేసుకుంది. 2012లో అది చనిపోయి కనబడింది. కడుపులో చేపల గాలాలు దొరికాయి. ప్రేమతోనే తినిపించినా అది ఆ జీవికి కీడే చేసింది.

ఇలాంటి ఇంటర్న్‌షిప్‌కు సాధారణంగా జీతం ఉండదు. అద్దె, తిండి, ప్రయాణం, ఆరోగ్య బీమా, వీసా ఖర్చు అభ్యర్థే భరించాలి. ప్రతిభ ఉండి డబ్బులేని విద్యార్థులకు ఇది పెద్ద అడ్డంకి. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇల్లు పంచుకోవడం, వంతులవారీగా వండుకోవడం పరాయి దేశంలో ఖర్చును కొంత తగ్గిస్తాయి.

డాల్ఫిన్లను నీటి కొలనుల్లో ఉంచే కేంద్రాల్లో ఇంటర్న్ దినచర్య వేరు. గడ్డకట్టిన చేపలను కరిగించడం, తూచి బకెట్లలో సర్దడం, వంటగదిని కడగడం వీటితోనే తెల్లవారుతుంది. నిల్వ చేపల్లో బి1 విటమిన్ తరిగిపోతుంది కనుక దాన్ని మాత్రల రూపంలో కలుపుతారు.

డాల్ఫిన్లను అలా ఉంచి చూపే ప్రదర్శనశాలలకు భారత ప్రభుత్వం 2013లోనే అనుమతి నిరాకరించింది. మన దేశంలో డాల్ఫిన్ల మీద పని అంటే నదుల్లోనూ సరస్సుల్లోనూ సముద్రంలోనూ చేసేదే. ఒడిశాలోని చిలికా సరస్సులో ఇరావతి డాల్ఫిన్లను లెక్కించడానికి కూడా వెన్ను రెక్కల ఫొటోలనే వాడారు.