తుపాను చెప్పే వస్తుంది... కదలాల్సింది మనమే!

"మనకేం భయం లేదులే, సముద్రం ఎక్కడో బాపట్ల అవతల ఉంది!" రేడియోలోనో, టీవీలోనో వాయుగుండం మాట వినపడగానే మా కాకుమాను వైపు ఎవరో ఒకరు అనే మాట ఇది. అలల సంగతి సరే, వాగుల సంగతేమిటండీ? నల్లమడ పొంగితే చేలూ డొంకలూ ఏకమైపోవడం మనం చూడనిదా!

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన గురించి మా అత్తగారి తరంవాళ్ళు చెబుతుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. సముద్రం మైళ్ళకొద్దీ లోపలికి వచ్చేసింది. పోయినవాళ్ళు సర్కారు లెక్కల్లోనే పదివేలు. హెచ్చరిక రాలేదా అంటే, వచ్చింది. ఏటా చెప్పేదేగా అని కొందరు పట్టించుకోలేదు. పోదామనుకున్నవాళ్ళకైనా పూరిళ్ళ మధ్య గట్టి కప్పున్న చోటేదీ?

ఆ దెబ్బతో తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టారు. ఉపగ్రహం కబుర్లు అందే ఏర్పాటు జరిగింది. 1990 మే 9న మళ్ళీ ఆ కృష్ణా ముఖద్వారం దగ్గరే భయంకరమైన తుపాను తీరం దాటింది. ఈసారి లక్షల మందిని ముందే తరలించారు. 967 మంది పోయారు. అదీ తక్కువేం కాదు. కానీ పదివేలెక్కడ, ఇదెక్కడ!

అలాగని అన్నీ నేర్చేసుకున్నామా? 1996 నవంబరులో కోనసీమ తుపానుకు వెయ్యి మందికి పైగా పోయారు. వాళ్ళలో వేటకెళ్ళి సముద్రం మీదే ఉండిపోయినవాళ్ళు ఎందరో. నేల మీదివాళ్ళకు అందిన కబురు పడవ మీదికి అందలేదు.

నన్ను బాగా కదిలించింది మాత్రం మన తుపాను కాదు. 1991 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్‌ను కొట్టిన తుపానులో సుమారు లక్షా ముప్ఫై ఎనిమిది వేల మంది చనిపోయారు. అందులో ఆడవాళ్ళూ, పిల్లలే ఎక్కువ. ఎందుకని? మగదిక్కు లేకుండా గడప దాటలేక, భర్త వచ్చి చెబితే వెళదామని కూర్చుని, షెల్టరులో పరాయి మగాళ్ళ మధ్య ఎలా ఉండాలని జంకి... ఒంటికి చుట్టుకున్న చీరే నీళ్ళలో కాళ్ళకు బంధమైందట. చదివి చాలాసేపు పుస్తకం మూసేసి కూర్చున్నాను.

మన ఇళ్ళలో మాత్రం? "ఆయన్ని రానివ్వండి" అంటాం. "గేదె ఈనేలా ఉందమ్మా, దీన్నొదిలి ఎక్కడికి పోను?" అంటుంది పక్కింటి పెద్దావిడ. ఆవిడ మాటా తీసిపారేసేది కాదు, ఆ గేదే ఆవిడ బ్యాంకు. అసలు ఎవరూ పైకి చెప్పని కారణం ఇంకోటుంది. మన ఊళ్ళలో పునరావాస కేంద్రమంటే చాలాచోట్ల బడే. అక్కడ మరుగుదొడ్డి ఎలా ఉంటుందోనన్న బెంగ! నెలసరిలో ఉన్న పిల్లా, చంటిబిడ్డ తల్లీ ఆ ఒక్క బెంగతోనే "మేం ఇక్కడే ఉంటాంలే" అంటారు. దాన్ని మొండితనం అనేస్తే ఎలా?

బంగ్లాదేశ్‌వాళ్ళు ఆ ముక్క పట్టుకున్నారు. కొత్త షెల్టర్లలో ఆడవాళ్ళకు విడిగా గదులు పెట్టారు. పశువులకూ చోటు చూశారు. ఇల్లిల్లూ తిరిగి హెచ్చరించే వాలంటీర్లలో ఇప్పుడు సుమారు సగం మంది ఆడవాళ్ళేనట. "రా వదినా, నేనూ వస్తున్నా" అని ఒక ఆడమనిషి పిలిస్తే ఎవరు కాదంటారు చెప్పండి!

2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. చేతికొచ్చిన వరి నీళ్ళపాలైంది. ఆ బాధ వేరే కథ. మళ్ళీ అక్టోబరు వస్తుంది. ఈలోగా డ్వాక్రా సమావేశంలో అప్పులూ వాయిదాల సంగతి అయ్యాక ఒక్క పది నిమిషాలు ఈ మాట కూడా ఎత్తండి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, మందుల చీటీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి అందరికీ తెలిసిన చోట ఉంచండి. గేదె పలుపు కోసి వదిలేయాలా, మెరకకు తోలుకెళ్ళాలా అన్నది ఇంట్లోవాళ్ళంతా ఇప్పుడే అనుకోండి. అలాగే, బడి తాళంచెవి రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోండి. మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉందో లేదో కూడా!