హాజరు పట్టీలో పేరుంటే చాలదు

నేను కొత్తగా టీచరునయ్యాను. వైకల్యం ఉన్న పిల్లలూ అందరితో కలిసి చదివే సహిత విద్య గురించి శిక్షణలో చదువుకున్నదొకటి, స్టాఫ్ రూములో, తల్లిదండ్రుల సమావేశాల్లో వింటున్నది మరొకటి. వింటున్నవాటిలో కొన్నింటికి జవాబు చెప్పాలి.

అపోహ: వైకల్యం ఉన్న పిల్లలు ప్రత్యేక పాఠశాలకే వెళ్లాలి.

వాస్తవం: 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. దగ్గర్లోని బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది వాళ్ల ఇష్టం. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి కూడా వైకల్యం కారణంగా చేర్చుకోం అనడానికి వీల్లేదు.

అపోహ: చేర్చుకున్నాం కదా, ఇంకేం కావాలి?

వాస్తవం: అన్నిటికంటే మొండి అపోహ ఇదే. పట్టీలో పేరు రాసి, చివరి బెంచీలో కూర్చోబెట్టి, రంగు పెన్సిళ్లిచ్చి వదిలేస్తే ఆ బిడ్డ తరగతిలో ఉన్నట్టు కాదు. పాఠం చెప్పే తీరు మారాలి. బోర్డు మీద రాసే ప్రతి మాటా నేను పైకి చదువుతాను. చూపు తక్కువైన పిల్లలకు అది అవసరం. నోట్సు రాసుకోవడంలో వెనకబడేవాళ్లకూ పనికొస్తుంది. బోర్డు వైపు తిరిగి మాట్లాడను, వినికిడి తక్కువైనవాళ్లు పెదవుల కదలిక కూడా చూస్తారు గనుక. భిన్నాలైతే ముందు కాగితం మడతపెట్టించి, తర్వాతే లెక్క. జవాబు రాయలేని బిడ్డ నోటితో చెప్పొచ్చు, బొమ్మ గీసి చూపొచ్చు. వీటికి నిధులేమీ అక్కర్లేదు. ఫిజియోథెరపీ, బ్రెయిలీ, ఉపకరణాలు నా ఒక్కదాని వల్ల కావు; ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలు, అక్కడి సహిత విద్య రిసోర్సు పర్సన్లు (ఐఈఆర్‌పీలు) ఉన్నది అందుకే. వాళ్లను కలుపుకోవడమూ నా పనే.

అపోహ: మిగతా పిల్లల చదువు దెబ్బతింటుంది.

వాస్తవం: తల్లిదండ్రులు నిజంగానే ఈ భయం పడుతున్నారు, కాదనను. కానీ ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూసేచోట ఏ బిడ్డకూ సరిపడా శ్రద్ధ అందదు. అది టీచర్ల కొరత. దాన్ని ఒక పసిబిడ్డ మీదకు నెట్టడం అన్యాయం.

అపోహ: చదవలేకపోవడం బద్ధకం.

వాస్తవం: అడిగితే చక్కగా జవాబు చెప్పి, చదవమంటే తడబడే పిల్లలున్నారు. ప, వ, మ, య తారుమారవుతాయి, ఒత్తులు జారిపోతాయి. ఎంత నేర్పినా ఇలాగే ఉంటే డిస్లెక్సియా కావచ్చు, తేల్చాల్సింది నిపుణులు. తెలివితక్కువతనం మాత్రం కాదు. 1995 నాటి వికలాంగుల చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016 చట్టం గుర్తించిన 21లో డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. బెత్తంతో ఈ ఇబ్బంది పోదు. పిల్లల్ని కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం ఎలాగూ నిషేధించింది.

మీ వీధిలో ఇంటికే పరిమితమైన బిడ్డ ఉంటే ఆ అమ్మానాన్నలతో మాట్లాడండి. బడికి తీసుకురమ్మనండి. వైకల్యం తీవ్రంగా ఉంటే ఇంటి దగ్గరే చదువుకునే వీలు కూడా 2012 సవరణతో విద్యాహక్కు చట్టంలో ఉందని చెప్పండి.